రిలే మర తిప్పిన వేసవి

మొన్న తిరుపతిలో ఆరు ఎలక్ట్రికల్ అంగళ్లు తిరిగాను, మా మామిడి మొక్కలకు నీళ్లిచ్చే మోటారు స్టార్టరుకు ఓవర్‌లోడ్ రిలే కోసం. మోటారు మితిమీరి కరెంటు లాగితే తాను వేడెక్కి దాన్ని ఆపేసే చిన్న ముక్క అది. మన ఈడువాళ్లలో పొలం ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఐదుగురు స్టార్టరు డబ్బానే మార్చమన్నారు. చెప్పు తెగితే కాలు మారుస్తారా అని ఐదుగురినీ అడిగి వచ్చాను. ఆరో ఆయన మాత్రం వేరే రిలే తీసి బల్లమీద పెట్టి, "ఆంపియర్లు రోంత ఎక్కువదమ్మా, ఏం కాదు. మాటిమాటికీ ఆగే పీడుండదు," అన్నాడు. అచ్చం ఆ మాటే ఒకప్పుడు నేను మా నాయనతో అన్నాను.

డిగ్రీ చదువుతూ వేసవి సెలవులకు పాకాల దగ్గర మా ఊరికి వచ్చిన రోజులవి. వరి పొట్ట మీదుంది. వోల్టేజీ చాలక మోటారు ఎక్కువ కరెంటు లాగడంతో రిలే అరగంటకోసారి టప్పున ఆపేస్తుంటే, నాయన గట్టుమీద కూర్చుని, అది చల్లారేదాకా బీడీ కాల్చుకుని, మళ్లీ బటను నొక్కేవాడు. కడపటి మడి నెర్రెలు ఇస్తోంది. ఆయన ఓపిక చూస్తే నాకు ఒళ్లు మండింది. రిలే మీదుండే చిన్న మరను ఎక్కువ ఆంపియర్లకు తిప్పితే ఏం కాదని, మాటిమాటికీ ఆగే పీడుండదని నాయనతో చెప్పి, స్క్రూడ్రైవరు పట్టుకుని బయల్దేరాను.

"వద్దు పాపా, అది ఊరికే ఆగదు. ఏందో తెలిసే ఆగతాది," అన్నాడు.

"ఫిజిక్సు సదివింది నువ్వా నాయనా, నేనా?"

ఆయన పక్కకు జరిగాడు. మరను చివరిదాకా తిప్పాను. ఆ మధ్యాహ్నమంతా నీళ్లు ఆగకుండా పారాయి, నేను అమ్మకు పాఠం కూడా చెప్పాను. పొద్దు వాలేసరికి మోటారు తీగల వార్నిష్ కాలిన వాసన వాకిట్లోకి వచ్చింది.

మోటారుకు చిత్తూరులో వైండింగు కట్టించి తెచ్చేసరికి పది రోజులు పట్టింది, ఈలోగా సగం వరి తాలుపోయింది. పక్క చేను పెదనాయన వచ్చి ఎట్ల కాలిందిరా అని అడిగితే, నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను.

"వోల్టేజీ సచ్చిపోయుండాది గదనా, కాలిపాయ," అన్నాడు నాయన, అంతే.

మాడిపోయిన రిలేను తువ్వాల్లో చుట్టుకుని చిత్తూరు బజారులో వెదకడానికి నన్నే వెంటబెట్టుకుని పోయాడు. చివరికి ఒక ముసలి మేస్త్రీ, పాత స్టార్టరు విప్పి, అందులోని రిలేను బ్రష్షుతో తుడిచి, వేడి చూపించి అది టప్పుమనేదాకా పరీక్ష చేసి చేతికిచ్చాడు. నాయన దాన్ని నాకందించి, "నంబరు నువ్వే సూసి సెప్పు పాపా, నీ మాటే," అన్నాడు. దానిమీది ఆంపియర్ల అంకెలు ఒకటికి రెండుసార్లు చూసి చదివాను.

అలా విప్పి, తుడిచి, పరీక్ష చేసి ఇచ్చే మేస్త్రీలు ఇప్పుడు లేరు, పారెయ్యమనేవాళ్లే అంతా. మొన్న నేను ఎక్కువ ఆంపియర్లది వద్దని వట్టి చేతులతో బస్సెక్కాను. ఇప్పటికీ అందరితో వాదిస్తాను, చాలాసార్లు గెలుస్తాను, గెలిచి అలసిపోతాను. ఆ వయసులో వాదించడానికి భయమే వేసేది కాదు. నేను ఓడిన సంగతి ఊరికి తెలియకుండా దాచిపెట్టే మనిషి ఇంట్లో ఉన్నాడని తలుపు వెనక నిలబడి వినేదాకా తెలియదు, ఉన్నాడు మాత్రం.