చావింట్లో అనకూడని మాట

అది 2019. బెల్లంపల్లిలో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌ని, అంటే జీతం మీద కాక అచ్చయిన వార్తల మీద బతికే విలేకరిని. శిక్షణ పేరిట నన్ను ఇంగ్లండులో ఉత్తరాన ఉన్న ఒక చిన్న ఊరి వారపత్రికకు పంపారు. మా బెల్లంపల్లిలాగే అదీ మూతపడ్డ బొగ్గుగనుల ఊరే. పోతే పోయాను గానీ, ఆ చలికి నా ముక్కు నాది కాకుండా పోయింది.

అక్కడి పత్రికలు చూసి మొదట నోరెళ్ళబెట్టాను. కొన్నింటికి మొదటి పేజీ నిండా ఒకటే ఫొటో, నాలుగు మాటల శీర్షిక. ఎక్కడ చూసినా బ్రెగ్జిట్ గొడవే. ఏకంగా ప్రధానినే ఉతికి ఆరేస్తున్నారు. మా దగ్గర సర్పంచి మీద అలా రాస్తే తెల్లారేసరికి ఇంటి ముందు మనుషులుంటారు. అబ్బో, ఏం ధైర్యం అనుకున్నాను. ఆ సంబరం జోన్ అనే ఒక తల్లి సంగతి వినేదాకానే.

జోన్‌ది ఆ ఊరే. ఒక్కగానొక్క కొడుకు రోడ్డు పనిలో లారీ కింద పడి చనిపోయాడు. తాగి ఉన్నాడని ఎవరో అన్న మాట పట్టుకుని ఒక పెద్ద పత్రిక అచ్చేసింది. తర్వాత ఇన్‌క్వెస్ట్‌లో, అంటే ఇలాంటి మరణాలపై అక్కడ బహిరంగంగా జరిగే విచారణలో, అతను చుక్క కూడా తాగలేదని తేలింది. పెద్ద పత్రిక ఆ ముక్క వేయలేదు. మా వారపత్రికైనా వేస్తే కొడుకు మీద పడ్డ నింద పోతుందని ఆ తల్లి ఆశ.

మా రిపోర్టర్ హెలెన్ నన్ను వెంటబెట్టుకు వెళ్ళింది. పోయినవాళ్ళ ఇంటి తలుపు తట్టి మాట్లాడించడాన్ని వాళ్ళు ‘డెత్ నాక్’ అంటారు. కొడుకు ముచ్చట్లు చెబుతూ చెబుతూ జోన్ ఏడ్చేసింది. నాకూ ఏడుపు ఆగలేదు. ఫోన్ రావడంతో హెలెన్ ముందే బయటికి పోయింది. కాసేపటికి నేను లేచి, ఒక్క మాటా అనకుండా, వెనక్కి చూడకుండా వచ్చేశాను.

మేం ఆఫీసుకు చేరామో లేదో జోన్ ఫోన్ చేసింది. “ఏమీ వేయకండి. మీరూ వాళ్ళలాంటివాళ్ళే. కావలసింది పట్టుకుని, నోటి మాటైనా లేకుండా లేచిపోయాడు మీ మనిషి.”

మర్నాడే పత్రిక అచ్చుకు పోవాలి. బెల్లంపల్లిలో ఉన్న మా ఆవిడకు ఫోన్ కొట్టాను.

“నువ్వేం తప్పు జేసినవ్? చావింట్ల పోయొస్త అని ఎవడన్న అంటడా?” అంది.

“గామెకు గా ముచ్చట తెల్వదు కదనే.”

“తెల్వకపోతే పోయి జెప్పు. నాకు జెప్తె ఏమొస్తది? పరేషాన్ గాకు, జల్ది పో.”

పోయాను. జోన్ తలుపు సగమే తీసింది. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. “అమ్మా, మా దగ్గర చావింటి నుంచి బయల్దేరుతూ ‘వెళ్ళొస్తాను’ అనం. అంటే, ఆ ఇంటికి మళ్ళీ ఇలాంటి పని మీదే రావాలని కోరినట్టు. మీకు ఇంకో చావు చూసే గతి పట్టకూడదనే నోరు మూసుకున్నాను.”



“ఇంకో చావు చూడటానికి నాకు ఎవరు మిగిలారని?” అంది జోన్.

తర్వాత తానే తలుపు పూర్తిగా తీసి, “హెలెన్‌తో వేయమని చెప్పు. తాగలేదన్న మాట పెద్దక్షరాల్లో ఉండాలి,” అంది.

ఆ వారం మొదటి పేజీలోనే వచ్చింది. పెద్ద పత్రిక ఉలకలేదు, పలకలేదు.

ఇప్పుడు మా ఊళ్ళోనైనా సరే, చావు వార్తకు పోయేముందు పక్కింటివాళ్ళను వాకబు చేస్తాను. మెథడిస్టు క్రైస్తవుల ఇంట్లోనైతే ప్రార్థన ముగిసేదాకా కూర్చుంటాను. నా మర్యాద నాకు తెలిస్తే చాలదు, ఏడుస్తున్నవాళ్ళది తెలియాలి. అది నాకు నేర్పింది జోన్. ఆ రోజు రెండోసారి బయల్దేరుతుంటే ఆమె గడప దాకా వచ్చి నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చావింట్లో నిలబడి “మళ్ళీ వస్తానమ్మా” అన్నాను.

“రా నాయనా,” అంది ఆమె. “ఎవరో ఒకరు రావాలి కదా.”