చల్లబడితే తడబడే బండి

తొంభైల చివర్లో బెంగళూరు పక్కన బొమ్మసంద్రలోని ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరాను. పొద్దుటి షిఫ్టుకు బస్సులు సరిగా దొరకక, మా డిపార్టుమెంటులోనే పనిచేసే ఒకతని దగ్గర పాత మోటారు సైకిలు కొన్నాను. మధ్యాహ్నం ఎండలో నడిపి చూపించాడు. ఏ లోపమూ కనిపించలేదు.

మర్నాడు తెల్లవారుజామున మొదలైంది పేచీ. చోక్ లాగి కిక్ కొడితే స్టార్టయింది. యాక్సిలరేటర్ తిప్పగానే మాత్రం గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. తంటాలు పడి వీధి మలుపు దాటించాక, ఇంజను వేడెక్కి ఏమీ ఎరగనట్టు పరిగెత్తింది. రోజూ ఇదే వరస. సాయంత్రం మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బుద్ధిగా ఉండేది. అతను ప్లగ్గు మార్చాడు. కార్బురేటర్ కింది గిన్నె విప్పి కడిగాడు. తెల్లారితే మళ్లీ మామూలే.

ముందు పెట్రోలు బంకును అనుమానించాను. బంకు మార్చినా తేడా లేదు. అప్పుడు ఇంకో సంగతి కంటబడింది. బండి పెట్రోలు ట్యాపు మూసే అలవాటు నాకు లేదు. అయినా పొద్దున చూస్తే మూసి ఉంటోంది. ట్యాపు తిప్పిన చెయ్యి ఇంకేం తిప్పలేదని నమ్మకమేమిటి?

బండి పెట్టేది ఇంటి ఓనరు కిటికీ కింద. ఆయన మగ్గం పని మానేసి ఇంటిపట్టున ఉండే పెద్దమనిషి. తాతల కాలం నుంచీ వాళ్లది అదే పేట. నా కిక్కుల మోతకు నిద్ర చెడుతోందని ఆయనకు నా మీద గుర్రుగా ఉండేది.

"ఏంటికప్పా, పొద్దున్నే సుమ్నే గాడిని అట్ల అరిపిస్తావు?" అని ఒకసారి నిలదీశాడు. ఆయన మాటల్లో సుమ్నే అంటే ఊరికే, గాడి అంటే బండి.

"చలికి మొరాయిస్తోందండీ" అన్నాను.

"మా అల్లునికీ ఉండాది గాడి. అది అరవదే" అని నన్ను ఎగాదిగా చూశాడు. కావాలనే చేస్తున్నానని ఆయన అనుమానం. నా అనుమానం నాది.

దానికి మా ఆవిడ ఆజ్యం పోసింది. "నిన్న సాయంత్రం ఆయన మన బండి దగ్గర వంగి ఉన్నాడండీ. నన్ను చూడగానే పూలకుండీ సర్దుతున్నట్టు నటించాడు" అంది. ఆ రాత్రి ట్యాపుకు సన్నటి దారం చుట్టి పడుకున్నాను. పొద్దున దారం తెగి ఉంది.

కోపం పట్టలేకపోయాను. కావాలనే గట్టిగా కిక్ కొట్టి యాక్సిలరేటర్ తిప్పాను. బండి ఎప్పటిలాగే ఎగశ్వాస మొదలుపెట్టింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వచ్చి, "ఆపుతావా లేదా?" అంటూ నేరుగా ట్యాపు మీదికి చెయ్యి చాపాడు. ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేకపోయింది ఆయనకు. నేను చెయ్యి పట్టుకోబోయాను. ఆ పెనుగులాటలో ఆయన మణికట్టు కార్బురేటర్ కిందికి వెళ్లి దాన్ని పైకి నెట్టింది.

ఇంజను ఒక్కసారిగా తేరుకుంది. మోత సాఫీగా సాగింది.

ఆయన చెయ్యి తీశాడు. మళ్లీ తడబాటు.

"ఇంకోసారి అక్కడే పెట్టండి" అన్నాను. ఆయన నావైపు ఎగాదిగా చూస్తూనే కార్బురేటర్‌ను పైకి ఎత్తిపట్టాడు. మళ్లీ తేరుకుంది. మా ఆవిడ మెట్ల మీద నిలబడి ఇద్దరినీ వింతగా చూసింది.

బండి ఆపి, "ట్యాపు రోజూ మీరే మూస్తున్నారు కదా?" అని అడిగాను.

"మూస్తా ఉండాను. రాత్రంతా కిటికీలోంచి పెట్రోలు వాసన వస్తాది. లోపల గ్యాసు ఉండాది, పిల్లోళ్లు పడుకుంటారు. నీకు చెప్తే వింటావా? అంతే, ఇంకేం ముట్టలేదు." దబాయింపు లేకుండా చెప్పాడు. నమ్మాను, పూర్తిగా కాకపోయినా.

ఆ ఆదివారం కార్బురేటర్ ఊడదీశాను. దాన్ని ఇంజనుకు కలిపే రబ్బరు గొట్టం అడుగున పొడుగాటి పగులు ఉంది. చలికి రబ్బరు బిగుసుకుంటే పగులు నోరు తెరిచి గాలి లాగుతోంది. వేడికి మెత్తబడినా, కార్బురేటర్‌ను కిందినుంచి ఎత్తిపట్టినా మూసుకుంటోంది. అంతవరకు అర్థమైంది. కానీ పగులు మీద ఎవరో నల్ల టేపు చుట్టారు. టేపు మీద గ్రీజు పూసి, ఆ నలుపులో కలిసిపోయేలా చేశారు. జిగురు ఎండి ఊడుతున్న పాత టేపు అది. నేను కొనకముందుదే.

మర్నాడు క్యాంటీనులో బండి అమ్మినతన్ని అడిగాను. చేతిలోని పూరీ తుంచుతూనే, "నాకేం తెలుసు గురూ? నాకు ముందున్నోడు చేసుంటాడు" అన్నాడు. అయ్యుండొచ్చు. అయితే, ఏ గొట్టమని మాత్రం అడగలేదు. నేను చెప్పింది గొట్టానికి టేపు ఉందనే.

గొట్టం మార్చాక బండి పొద్దున్నే బుద్ధిగా కదిలింది. బండి అమ్మినతనితో మాటలు తగ్గిపోయాయి. ఆ వానాకాలంలో బండి సర్వీసుకిచ్చి బస్టాపులో తడుస్తుంటే, అతను తన కొత్త బండి ఆపి ఎక్కమన్నాడు. ఒక్క క్షణం ఆలోచించి ఎక్కాను. నన్ను ఇంటి దగ్గర దింపేదాకా ఇద్దరం వాన గురించే మాట్లాడుకున్నాం.