మైకమ్మ అసలు గొంతు

ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్టాండు మైకులో బస్సుల రాకపోకలు చదివిన గొంతు ఆమెది. మా వీధిలో అందరూ మైకమ్మ అంటారు. కూరలవాడితో బేరమాడినా, పిల్లల్ని నిద్రలేపినా అదే గొంతు: నున్నగా, తొణక్కుండా, మాట చివర కాస్త సాగుతూ. "మా ఇంట్లో కాఫీ కూడా ప్లాట్‌ఫారం మీదికే వస్తుందండీ" అంటారు ఆమె భర్త, రిటైరైన కండక్టరు. ఈ సంగతి ఇద్దరూ ఒకరికొకరు అడ్డుపడుతూ చెప్పగా విన్నాను.

మొదటిసారి విదేశం చూడ్డానికి వెళ్లారు. వెంట ఆయన అక్కగారు. ఒక ఉదయం పార్కులో పళ్లరసం తాగుతుండగా, గ్లాసులో పడ్డ కందిరీగ ఆయన పెదవి మీద కుట్టింది. కాసేపట్లోనే పెదవి, బుగ్గలు, కళ్ల కింద అంతా ఉబ్బిపోయింది. ఊపిరి ఈలలా వినిపించింది.

"నా మొహం ఎలా ఉందే?"

"పెళ్లినాటికంటే నిండుగా ఉంది. మాట్లాడకండి."

వెంట తీసుకొచ్చిన టూరు కంపెనీ మనిషి చెప్పిపెట్టిన అత్యవసర నంబరు నొక్కింది మైకమ్మ. బస్టాండులో ఇంగ్లీషులోనూ చదివిన మనిషే, భాషతో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా గొంతుతోనే. కంగారు పెరిగేకొద్దీ అది మరింత నున్నబడింది.

"దయచేసి గమనించండి. పార్కు తూర్పు గేటు దగ్గర, ఫౌంటెన్ పక్కన ఒక ప్రయాణికునికి ఊపిరి ఆడుట లేదు. అంబులెన్సు వెంటనే రావలసినదిగా కోరుచున్నాము."

అవతలి అమ్మాయి ఏదో అడిగింది. బస్టాండులో తిరిగి మాట్లాడేవాళ్లు ఉండరు కదా, మైకమ్మ ఆగకుండా మొదటినుంచి మళ్లీ చదివింది. రికార్డు చేసిన ప్రకటన అనుకుని ఆ అమ్మాయి ఫోను పెట్టేసింది. రెండోసారీ అంతే.

ఆడపడుచు నెత్తి బాదుకుంది. "ఓసి నీ మొహం మండ! వాడు ఊపిరాడక కొట్టుకుంటుంటే బస్సుల్ని పిలుస్తావేంటే!"

మూడోసారి అవతల ఫోను ఎత్తేసరికి, ఈయన నోరు కడుక్కుంటానని సైగ చేస్తూ లేచి, తూలారు.

"ఏమండీ! లేవొద్దంటే వినరేం? గ్లాసు మీద మూత పెట్టండని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! మీకేమన్నా అయితే నేనెవరితో పోట్లాడనండీ!"

తెలుగులోనే అరిచింది. గొంతు పగిలి, చివర్లో ఏడుపు తన్నుకొచ్చింది. ఫోనులో అమ్మాయి ఉలిక్కిపడింది.

"అమ్మా, మీరు మనిషేనా?"

"కాక దెయ్యాన్నా? మా ఆయనకు ఊపిరాడటం లేదు తల్లీ!" ఈసారి ఇంగ్లీషులో.

"ఆయన మాట్లాడగలుగుతున్నారా?"

"లేదు. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి."

"కూర్చోబెట్టే ఉంచండి, నడవనివ్వకండి. బండి బయల్దేరింది. నేను లైనులోనే ఉంటాను."

అంబులెన్సు వచ్చేదాకా ఆ అమ్మాయి అడుగుతూనే ఉంది, మైకమ్మ అరుస్తూనే ఉంది. వచ్చినవాళ్లు ఆయన తొడకు సూది పొడిచారు. ఊపిరి మెల్లగా దారికొచ్చింది.

ఆసుపత్రిలో వాపు దిగి మాట రాగానే ఆయన అన్నారట: "ఏమే, పార్కులో అరిచింది నువ్వేనా? ఇంత గొంతు పెట్టుకుని ఇన్నేళ్లూ నాతో మర్యాదగా మాట్లాడావా?"

మైకమ్మ దిండు సర్దుతూ జవాబివ్వబోయింది. గొంతు బొంగురుపోయి గాలి తప్ప మాట రాలేదు. ఆ రోజంతా ఆయనే మాట్లాడారు, అక్కగారు నోరు మూసుకోరా అంటున్నా వినకుండా.