నాగమణి మేడమ్ అనబోయిన మాట

తెనాలి కళాశాలలో సుదీర్ఘకాలం జంతుశాస్త్రం బోధించిన మా గురువు నాగమణి మేడమ్ గత మంగళవారం రేపల్లెలో స్వగృహంలో దివంగతులయ్యారు. ఆ దుర్వార్త అందినప్పుడు నేను ప్రయోగశాలలో ఉన్నాను. ఆమె చలవవల్లే అడుగుపెట్టిన ఆ గదిని ఆమె చూడనేలేదు.

అడవులదీవిలో చేపలవేటతో జీవించే కుటుంబంలో జన్మించిన మేడమ్‌కు యౌవనంలోనే మెదడుపై పరిశోధనకు సీటు వచ్చింది. బయలుదేరే తరుణంలో తండ్రి సముద్రంలో గల్లంతయ్యారు. తమ్ముడి చదువు కోసం ఆమె లెక్చరర్ ఉద్యోగంలో చేరిపోయారు. ఇది ఆ తమ్ముడే చెప్పారు. ఆమె నోట నేనెన్నడూ వినలేదు.

బీఎస్సీ రెండో ఏట, నాడీశాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలని ఉందని జంకుతూ చెప్పాను. మర్నాడే రొయ్యలు తెప్పించి, నరాల తాడు తెగకుండా బయటికి తీయమన్నారు. అది నాకు పట్టుబడేసరికి వర్షాకాలం గడిచిపోయింది. ఈ రంగానికి ప్రోగ్రామింగ్ అత్యవసరమని తెలిశాక, ఆదివారాల్లో బాపట్లలోని పూర్వశిష్యుడి దగ్గరకు నన్ను తీసుకెళ్లి, నా పక్కనే కూర్చుని తానూ నేర్చుకున్నారు. నాకంటే ఎక్కువ తప్పులు చేసేవారు. శిష్యుడు దిద్దుతుంటే సంతోషించేవారు.

మా నాయనమ్మ మతిమరుపు చూసి ఈ శాస్త్రంపై ఆసక్తి కలిగిందని పీహెచ్‌డీ సీటు ఇంటర్వ్యూలో చెబుదామనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"జాలితో వచ్చే సీటు మనకొద్దమ్మా. నీకు తెలియంది ఏంటో, దాన్నెలా తెలుసుకుంటావో అది చెప్పు."

ఇంటర్వ్యూకు ముందే ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, గ్రహణశక్తి మాత్రం చెక్కుచెదరలేదు. రేపల్లె రైలెక్కి వెళ్లి నా జవాబులు వినిపించేదాన్ని. తెలియనిది తెలిసినట్టు చెబితే ఎడమచెయ్యి ఎత్తి ఆపేవారు.

సీటు వచ్చిందని మొదట ఆమెకే చెప్పాను. ఆమె కళ్లు చెమర్చాయి. పెదవులు కదిపి ఏదో అనబోయారు. "వె..." అన్న శబ్దమే వచ్చింది.

"వెళ్లి రమ్మంటున్నారా మేడమ్?" అన్నాను.

కాదన్నట్టు తల ఊపారు. తమ్ముడు ఏవేవో మాటలు అందించారు. అవేవీ కాదని సైగ చేశారు. చివరికి అలసి, నా చేతిని తట్టి కళ్లు మూసుకున్నారు. సెలవులకు వచ్చాక నింపాదిగా కనుక్కోవచ్చనుకున్నాను.

మెదడులో మాట ఎలా పుడుతుందో తెలుసుకోవడానికే ఇక్కడ చేరాను. అటువంటి గురువు నాకిక లభించరు. ఆమె పాదాలకు దూరం నుంచే ప్రణమిల్లుతున్నాను. ఆమె చెప్పినవన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. చెప్పబోయిన ఆ ఒక్క మాట మాత్రం ఆమెతోనే వెళ్లిపోయింది.