అరవై ఎనిమిదో ఏట స్కేట్లు

పోయిన శనివారం మస్కట్‌లో ఒక మాల్ లోపలున్న ఐస్ రింకు దగ్గర, టికెట్ ఇచ్చే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. అరవై దాటినవాళ్ళు జారిపడి ఏమైనా అయితే బాధ్యత వాళ్ళదేనని అందులో రాసి ఉంది. వయసు అన్న చోట అరవై ఎనిమిది అని వేశాను. కౌంటరులోని అమ్మాయి ఆ అంకె చూసి, నన్ను చూసి, "అంకుల్, ఆప్ దేఖ్‌నే ఆయే హై నా?" అంది. చూడ్డానికి కాదమ్మా, ఎక్కడానికే అని చెప్పాను. పక్కన నిలబడిన నా కూతురు మాత్రం, "నాన్నా, ఇప్పటికైనా మించిపోయింది లేదు, కాఫీ తాగి వెళ్ళిపోదాం రండి" అంది. కాఫీ తాగినా ఒకటే, తాగకపోయినా ఒకటే నాకు. సంతకం పెట్టేశాను.

దాని భయం దానిది. రెండేళ్ళ కిందట నా గుండెకు స్టెంటు వేశారు, అప్పట్నుంచీ రక్తం పలచబడే మాత్రలు మింగుతున్నాను. పడి తలకు దెబ్బ తగిలితే లోపల కారే రక్తం ఆగదని డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు. నాకు అర్థం కాక కాదు. విన్నాను, తలూపాను, భయం మాత్రం వేయలేదు. అసలు చిక్కల్లా అక్కడే ఉంది.

నా భార్య పోయి పది నెలలైంది. కాకినాడలో మూడు రోజులు జ్వరంతో పడుకుంది, నాలుగో రోజు లేదు. అందరూ ఏడ్చారు, నేను ఏడవలేదు. నాది గట్టి గుండె అనీ, నిబ్బరంగా ఉన్నాననీ చుట్టాలు చెప్పుకున్నారు. నిబ్బరమూ లేదు, గిబ్బరమూ లేదు, ఏమీ అనిపించలేదు, అంతే. పన్నెండో రోజు భోజనాల్లో అరిటాకులు సరిపోయాయో లేదో చూసుకున్నాను. తర్వాత కూతురు నన్ను మస్కట్ పక్కనే ఉన్న అల్ అమెరాత్‌లోని తమ ఇంటికి తీసుకొచ్చింది. అక్కడ కిటికీలోంచి మొక్క మొలవని కొండలు కనిపిస్తాయి. వాటిని చూస్తూ కూర్చునేవాణ్ణి. అల్లుడికి ప్రమోషన్ వచ్చిందంటే మంచిది బాబూ అన్నాను, కూరలో కారం ఎక్కువైందని కూతురు నొచ్చుకుంటే అవునా అన్నాను. ఎవరైనా నా మీద గోనెపట్టా కప్పేసి వెళ్ళిపోయినట్టుండేది. నా ఈడు మగవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకు తెలుస్తుంది, ఇలాంటివి పైకి చెప్పుకునే అలవాటు మనకు లేదు కదా.

అలా ఉండగా ఓ రోజు సరుకులకని మాల్‌కు వెళ్ళి, ఆ రింకు ముందు నుంచి నడుస్తూ ఆగిపోయాను. ఇష్టం పుట్టుకొచ్చిందని కాదు. పది నెలల్లో ఎవరూ ఆపకుండా, నా అంతట నేను ఒక చోట ఆగడం అదే మొదలు. ఎక్కుతాను అన్నాను. ఇంట్లో వారం రోజులు రగడ జరిగింది. చివరికి నెత్తిన హెల్మెట్ పెట్టుకునే షరతు మీద కూతురు ఒప్పుకుంది.

నేను ఈ దేశం మొదటిసారి వచ్చింది ఇరవై ఎనిమిదో ఏట, ఐసు వేయడానికే. కాకినాడలో చేపల రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. మస్కట్‌లో ఒక ఐస్ రింకుకు ఐసు తెలిసిన మనిషి కావాలంటే, ఐసు అంటే ఐసే కదా అని విమానం ఎక్కేశాను. ఆ రింకు ఇప్పుడు లేదు, ఎప్పుడో మూసేశారు. చేరిన వారానికే కొత్తగా నేల వేయమన్నారు. మా ఫ్యాక్టరీలో డబ్బా నిండా నీళ్ళు పోసి గడ్డకట్టించేవాళ్ళం, ఆ లెక్కనే నేనూ నాలుగు వేళ్ళ మందం నీళ్ళు ఒక్కసారే వదిలేశాను. తెల్లారి చూస్తే అంతా తెల్లగా మబ్బు కమ్మి, ఈ మూల నుంచి ఆ మూలకు పగుళ్ళు. మేమంతా కడప భాయ్ అని పిలిచే మా పెద్ద ఆపరేటరు, నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని చూశాడు. "ఇది చేపల మీద కొట్టే ఐసు కాదబ్బా! దోసె మాదిరి పల్చగా, పొర మీద పొర పోయల్ల" అన్నాడు. ఆ వేసిందంతా గీకి పారేయడానికి నలుగురికి రెండు రోజుల డ్యూటీ పట్టింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

నాకు స్కేట్లు తొడిగించింది కూడా ఆయనే. "నిలబడుకుంటే ఏం తెలుస్తాది, జారితేనే తెలుస్తాది" అని ఆయన మాట. పళ్ళు రాలతాయేమోనన్నంతగా పడ్డాను ఆ నెలంతా. తర్వాత ఇరవై రెండేళ్ళు, రోజూ పొద్దున్నే గేట్లు తెరవకముందు, రింకంతా జారుతూ తిరిగి ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ గీత పడిందో కాళ్ళతో చూసేవాణ్ణి. బయట నిప్పులు కురిసే ఎండ, లోపల నాకు ఉన్ని స్వెటరు. జూన్ నెలలో మా బాల్కనీలో నా భార్య ఆ స్వెటరు ఆరేస్తే చుట్టుపక్కలవాళ్ళు నవ్విపోయేవారు.

శనివారం సంగతికి వస్తాను. మొదటి చుట్టు అంచున ఉన్న కమ్మీ పట్టుకుని తిరిగాను. రెండో చుట్టుకు వదిలేశాను. మోకాళ్ళు మూలిగాయి గానీ పని మరిచిపోలేదు. అద్దం అవతల కూతురు రెండు చేతులూ అద్దానికి ఆనించి నిలబడి ఉంది. సంతోషమా అంటే, అదేం లేదు. తిరుగుతున్నాను కాబట్టి తిరుగుతున్నాను. మూడో చుట్టులో, ఐసు నునుపు చేసే బండి బయటికొచ్చే తలుపు దగ్గర, ఎడమ స్కేటు కిందికి దిగినట్టయింది. ఐసు మెత్తబడింది! అక్కడ ఉద్యోగంలో ఉన్న కుర్ర ఆపరేటరును పిలిచి చెప్పాను. అతను ఫోన్ తీసి చూసి, "సబ్ ఠీక్ హై అంకుల్, సెన్సర్ మే నార్మల్ హై" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. ఎంత మండిందంటే, సెన్సరు స్కేట్లు వేసుకుని తిరుగుతుందా అని హిందీలో అరుస్తూ గిరుక్కున వెనక్కి తిరిగి, అదే చోట కాలు దిగబడి దబ్బున పడ్డాను. మోచెయ్యి, తుంటి నేలకు కొట్టుకున్నాయి, తల తగల్లేదు. లేవకుండా అక్కడే కూర్చుని అతన్ని తిడుతూనే ఉన్నాను. నా కూతురు చెప్పులతోనే ఐసు మీదికి పరుగెత్తుకొచ్చి, "దెబ్బ తగిలిందా నాన్నా?" అని అడుగుతుంటే, "నా దెబ్బ తర్వాత చూద్దువు గానీ, ముందు ఈ ఐసు చూడవే!" అన్నాను. ఆ అబ్బాయి వంగి చెయ్యి పెట్టాడు. అరచెయ్యంతా నీళ్ళు. "సారీ అంకుల్" అని ఆ చోటుకు ఎవరూ రాకుండా అడ్డంగా తాడు కట్టేశాడు.

అల్ అమెరాత్ కొండదారిలో ఇంటికి వెళ్తుంటే, ఇదే ఆఖరు, ఇంకోసారి ఆ మాట ఎత్తితే ఊరుకోనని కూతురు చెబుతూనే ఉంది. నేను వినడం లేదు. మెత్తబడిన చోటు ముందు చెప్పాలా, ఫోన్ చూసినవాడి సంగతి ముందు చెప్పాలా అని మనసులో వరస పేర్చుకుంటున్నాను. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి. ఇంటికి చేరి, బూట్లు విప్పుతూ, "ఇదిగో, విన్నావా, ఇవాళ ఏమైందో" అని పైకే అనేశాను.

వంటింట్లోంచి కూతురు తొంగిచూసింది. హాల్లో ఇంకెవరూ లేరు. చేతిలో బూటుతో అలాగే కూర్చుండిపోయాను, ఆ తర్వాత ఏడుపు వచ్చింది. పది నెలలది ఒక్కసారే వచ్చింది, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాను. కూతురు పక్కన కూర్చుని వీపు రాస్తూ తనూ ఏడ్చింది. రింకు మాట ఎత్తలేదు. రెండు రోజుల తర్వాత తనే, శనివారం ఎన్నింటికి బయల్దేరదాం అని అడిగింది. ఇప్పుడు నాకూ భయంగానే ఉంది. అయినా వెళ్తాను.

మా రోజుల్లో సంతకాలు లేవు, హెల్మెట్లు లేవు, ఐసు సంగతి మనిషి కాళ్ళే చెప్పాలి. ఇప్పుడు ఐసు ఎలా ఉందో ఫోనులోనే కనబడుతుందట, మంచిదే, రోజూ పొద్దున్నే ఎవరూ పడక్కర్లేదు. ఆ రోజుల్లో డ్యూటీ దిగి ఇంటికి రాగానే, బూట్లు విప్పుతూ, ఆ రోజు ఐసు ఎలా ఉందో మొదలుపెట్టేవాణ్ణి. ఏ మూల మెత్తబడిందో, కంప్రెసరు ఎలా మూలిగిందో అంతా చెప్పేవాణ్ణి. మా ఆవిడ గోంగూర ఒలుచుకుంటూ ఊఁ, ఊఁ అనేది. ఒక్కసారైనా ఐసు మీద కాలు పెట్టిన మనిషి కాదు. ఇరవై రెండేళ్ళు విన్నది. నేను చెప్పేది నీకేమైనా అర్థమవుతోందా అని నేను ఒక్కరోజూ అడగలేదు.