కంప్యూటరుకి పోసిన బెల్లం నీళ్ళు

మా ఇంటి కంప్యూటరుని నేను ఎలా చంపానో చెబుతాను. పిడుగు పడలేదు, వైరస్ సోకలేదు. కాగితం మీద లెక్క కట్టి, రెండుసార్లు సరిచూసుకుని మరీ చంపాను.

సెల్‌ఫోను ఉన్నవాణ్ణి జనం ఇంకా తిరిగి చూసే రోజులవి. మా ఆవిడ రూతు చర్చికోసం పాటల పుస్తకం టైపు చేస్తోంది. మొత్తం రెండు వందల పన్నెండు పాటలు. మే నెల ఎండకి పెట్టె వేడెక్కి, సగటున నలభై నిమిషాలకోసారి ఆగిపోయేది. శనివారం చర్చి పాస్టరు అయ్యగారు వచ్చి పుస్తకాన్ని ప్రెస్సుకి పట్టుకెళ్ళాలి. ఇంకా ముప్ఫై ఒక్క పాటలు మిగిలాయి.

"పక్క డోరు తీసీసి టేబుల్ ఫ్యాన్ ఎట్టండి, సాలు" అంది రూతు.

ఫ్యాను గాలి నాకు లెక్కలోకి రాలేదు. విదేశాల్లో కంప్యూటర్ల లోపల నీళ్ళు తిప్పి చల్లబరుస్తారని ఏదో పత్రికలో చదివాను. అది చదివాక కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లేస్తాను, పెట్టె మీద చెయ్యి వేస్తాను, కాగితం మీద ఒక అంకె వేస్తాను, మళ్ళీ లేస్తాను.

రేడియేటర్లు బాగుచేసే అప్పలరాజు చేత ప్రాసెసరు మీద కూర్చునే రాగి డబ్బా, దానికో చిన్న రేడియేటరు చేయించాను. ఎయిర్ కూలర్ మోటారు, పైపులు, మూడు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా నేను తెచ్చాను. "బావా, ఇది కంప్యూటరా, లారీయా?" అన్నాడు అప్పలరాజు అతుకులు వేస్తూ. "హారన్ కూడా బిగించీమంటావేటి?"

ఇంతవరకూ చేసినవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. ఆ తర్వాతిది మాత్రం మా అనకాపల్లి వైపు వాడికే తడుతుంది. నీళ్ళు నూరు డిగ్రీలకే మరుగుతాయి కదా. మునగపాకలో మా మావయ్య బెల్లం పెనంలో నేను స్వయంగా థర్మామీటరు పెట్టి చూశాను, పాకం నూట పద్దెనిమిది దాకా పోతుంది. అంటే నీళ్ళలో బెల్లం కలిపితే పద్దెనిమిది డిగ్రీల లాభం. మా ప్రాసెసరు ఏనాడూ డెబ్బై దాటలేదన్న సంగతి అదే కాగితంలో పై లైన్లో ఉంది. ఆ లైను నేను చూడలేదు.

రెండున్నర లీటర్ల నీళ్ళు, కిలో బెల్లం. ప్లాస్టిక్ డబ్బాలో పోసి, చుక్క కారకూడదని మూత చుట్టూ లప్పం పెట్టి బిగించేశాను.

నిజం చెప్పొద్దూ, అయిదు రోజులు ఒక్కసారి కూడా ఆగలేదు. పది నిమిషాలకోసారి వచ్చి నేను డబ్బా మీద చెయ్యి వేస్తుంటే రూతు, "ఏటండీ, దానికి జొరవా?" అనేది. నాలుగో రోజు పైపుల్లో నురగ కనిపించింది. మోటారు జోరుగా ఉందని రాసుకున్నాను. అయిదో రోజు డబ్బా పొట్ట ఉబ్బింది. ఎండకి ప్లాస్టిక్ సాగిందని రాసుకున్నాను.

శనివారం అయ్యగారు వచ్చి, కంప్యూటరు ముందు కూర్చుని మొదటి పాట చదవడం మొదలెట్టారు. రెండో చరణంలో ఉండగా డబ్బా మూత సోడాసీసాలా పేలింది. బెల్లం నీళ్ళు పెట్టె లోపల, తెర మీద, అయ్యగారి తెల్లచొక్కా మీద. కంప్యూటరు టప్‌మని ఆరిపోయింది. రెండు నెలల కష్టం. రూతు మొహంకేసి చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు.

అప్పుడు వచ్చింది వాసన. అనకాపల్లిలో పుట్టినవాడెవడికీ పేరు చెప్పనక్కరలేని వాసన. సారా కాయడానికి నానబెట్టిన బెల్లం ఊట.

అయ్యగారు చొక్కా చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఎన్నాళ్ళు ఊరింది, తమ్ముడూ?"

ఎవరైనా అంకె అడిగితే తప్పు చెప్పడం నాకు చేతకాదు. "ఆరు రోజులండి."

"బెల్లం?"

"రెండున్నర లీటర్లకి కిలో అండి."

"వేడి?"

"నలభై దాటనివ్వలేదండి."

"చెయ్యి తిరిగినట్టుందే" అన్నారు అయ్యగారు.

రూతు లోపలికెళ్ళి ఒక సీడీ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "అన్ని పాటలూ ఉన్నాయండి. నిన్న డబ్బా పొట్ట సూసేక రాసి తీసేను." నాకేసి చూడనైనా చూడలేదు.

మర్నాడు చర్చిలో ప్రసంగం మద్యపానం మీద. అయ్యగారు పేరు చెప్పలేదు. కాని కిలో, రెండున్నర లీటర్లు, ఆరు రోజులు, ఒక్క అంకె తప్పు పోలేదు. వెనక వరసలో ఒకాయన అవన్నీ చీటీ మీద రాసుకోవడం నా కళ్ళతో చూశాను.

కనుక మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా ఊపిరున్నంతవరకూ కంప్యూటరు లోపలికి ఫ్యాను గాలి తప్ప మరేదీ పంపను. అయ్యగారు అంకె అడిగితే, తెలీదంటాను.