సన్నాయి బాబాయ్ ఊపిరి పరీక్ష

2023, ఎండాకాలం. గాజువాకలో ఒక ఆసుపత్రి, మొదటి అంతస్తు, ఊపిరితిత్తుల విభాగం. అందులో చివరి గది నాది. నాదే అని ఎందుకంటున్నానంటే ఏసీ రిమోట్ నా దగ్గరే ఉంటుంది. ఇంటర్‌లో ఒకేషనల్ కోర్సు చదివి, పై చదువు కుదరక ఇక్కడ చేరాను. నా పని స్పైరోమెట్రీ. అంటే మనిషి నిండా గాలి పీల్చి ఒక గొట్టంలోకి ఊదితే, ఎంత గాలి ఎంత వేగంగా వచ్చిందో యంత్రం గీత గీసి చూపిస్తుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా "ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా" అని అరవడమే నా ఉద్యోగం. ఇంటికెళ్ళినా నా గొంతు తగ్గడంలేదని అమ్మ తిడుతుంది.

ఆ ఏడాది మా డాక్టర్ మేడం సి.ఓ.పి.డి. మీద ఒక పరిశోధన మొదలుపెట్టారు. పొగ, దుమ్ము, రంగుల ఘాటు ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకి లోపల గాలి దారులు ఇరుకైపోయి, ఆయాసం వదలకుండా ఉండిపోయే జబ్బు అది. పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవాలి. పరిశోధనలో ఇన్‌హేలర్ మందు అందరికీ ఇస్తారు. సగంమందికి మాత్రం దాంతోపాటు ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామాలు కూడా. నడక, చిన్న బరువులు, పెదాలు ముడిచి ఊపిరి వదలడం, అలాంటివి. ఎవరు ఏ గుంపులోకి వెళ్ళాలో కంప్యూటరే తేలుస్తుంది. కొలిచేది నేను కాబట్టి ఆ సంగతి నాకు తెలియకూడదు. దీన్ని బ్లైండింగ్ అంటారు. తెలిస్తే మనకి తెలియకుండానే ఒకళ్ళచేత ఎక్కువ గట్టిగా ఊదిస్తామట. నన్ను చూసే పెట్టారేమో ఆ రూలు!

అప్పలరాజు బాబాయ్ ఆ రోజుల్లోనే వచ్చాడు. ఆటోనగర్‌లో లారీ బాడీలకి స్ప్రే రంగు వేసే పని. ముహూర్తాలుంటే సన్నాయి. మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఆయనకి మాట వచ్చేలోపు భార్య పైడమ్మ పిన్ని మొత్తం చెప్పేసింది.

"ఈయన సన్నాయి అటకెక్కేసింది తల్లీ. మాగమాసంలో డోలు రమణ కూతురి పెళ్ళి. ఆ గుంట ఉయ్యాల్లో ఉన్నప్పుడే 'నీ పెళ్ళికి నానే ఊదుతాను' అని మాటిచ్చేసినాడు. ఇప్పుడు సూడు, మంచం మీంచి లెగిత్తే ఆయాసం. రమణేమో ఎలమంచిలి మేళాన్ని మాటాడేత్తానంటన్నాడు."

"మాటాడుకోమను," అన్నాడు బాబాయ్, గోడవైపు తిరిగిపోయి.

వ్యాయామాలు దొరికితే మళ్ళీ ఊదగలడేమోనని పిన్ని ఆశ. కాని పరిశోధనలో చేరాలంటే ముందు నా గదిలో పరీక్ష సరిగ్గా రావాలి. గాలంతా మొదట్లోనే ఒక్క తోపున బయటికి తన్నాలి, అదీ మూడుసార్లు ఒకేలా. రాకపోతే ఇంకోరోజు ఒక్క అవకాశం ఇస్తారు. అప్పుడూ రాకపోతే చేర్చుకోరు.

బాబాయ్ గొట్టం చేతిలోకి తీసుకుని, ముందు అందులోకి 'ఫుఫ్' మని ఊది, అరచేతిలో టకటకా కొట్టాడు. "ఆడుకోకు బాబాయ్," అని నేను గొట్టం లాక్కుని, కొత్తది యంత్రానికి తగిలించి ఇచ్చాను. అప్పుడు ఊదాడు. అబ్బ, ఏం ఊదాడు! గాలి సన్నగా, తీరుగా, తాడు పేనినట్టు వస్తోంది. వినడానికి బావుంది. తెరమీద మాత్రం గీత లేవలేదు. మొదలు నెమ్మదిగా ఉంది, చెల్లదు అని యంత్రం ఎర్రగా చూపించింది.

"గట్టిగా బాబాయ్! ఒక్కసారే తన్నాల!"

"తంతన్నాను కదేటి."

"తన్నడం కాదది, నిమరడం."

పిన్ని పకపకా నవ్వింది. "నా మీదైతే బాగానే అరుత్తాడు. గొట్టమంటే గౌరవం!"

బాబాయ్ నవ్వలేదు. "ఊపిరి దాసుకోమన్నాడు మా గురువు. బుగ్గల్లో దాసి సన్నంగా వదలాల. ఇన్నేళ్ళూ అదే సేసినాను. నువ్వేమో పారబోయమంటన్నావు. అంతా ఒక్కసారే పారబోత్తే పాటేటైపోద్ది?"

"పాటొద్దు బాబాయ్, గాలి సాలు."

"గాలి సాలా?" అన్నాడు, నేనేదో కానిమాట అన్నట్టు చూసి.

ఆ రోజు ఎన్నిసార్లు ఊదినా అంతే.

రెండో అవకాశం రోజు మేడం కూడా వచ్చి నా వెనక నిలబడ్డారు. "ఇవాళ కూడా రాకపోతే మామూలు వైద్యమే కొనసాగిద్దామమ్మా, బాధపడకండి," అని పిన్నితో మెల్లగా అన్నారు. పిన్ని తలూపింది కాని, కొంగు చివర వేళ్ళకి చుట్టుకుంటూనే ఉంది.

ఆ రోజు కంగారులో యంత్రం ముందే ఆన్ చేసేసి, గొట్టం తగిలించి, దాని పిడి బాబాయ్ చేతికిచ్చాను. ఆయన అలవాటు ప్రకారం 'ఫుఫ్' మన్నాడు. తెరమీద గీత డాల్ఫిన్స్ నోస్ కొండలాగ నిటారుగా లేచింది! నేను నోరు తెరిచే లోపే పిడిని అరచేతికేసి కొట్టబోయాడు.

"ఓలమ్మో, మిషను!" అని అందుకున్నాను.

"అది ఎవరు ఊదారు?" అన్నారు మేడం, తెరవైపు వంగి.

"ఎవులూ ఊదలేదండి," అన్నాడు బాబాయ్ బెదిరిపోయి. "ఉమ్ము దులిపినానంతే."

"సన్నాయి నోట్లో ఎట్టేముందు ఓ పాలి అలా దులపాలండి," అంది పిన్ని. "నోట్లో ఎట్టే రెల్లు పీకలో తడుంటే పలకదు. కొబ్బరిబొండం తాగినా స్ట్రాలో అలాగే ఊదుతాడు. నా పరువు తీసేత్తాడండి బజార్లో."

మేడం, నేను మొహాలు చూసుకున్నాం. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. మాకు కావాల్సిన ఊపిరి ఆయన దగ్గర ఉండనే ఉంది. పరీక్ష మొదలవకముందే అయిపోతోంది, అంతే!

"బాబాయ్, పరీక్షా లేదు, పాటా లేదు. ఉమ్ము దులుపు. కాని ఈ సన్నాయి బారెడు పొడుగు. నాను ఆపమన్నదాకా సివరంటా దులపాల."

దులిపాడు. గీత లేచింది, ఆగకుండా చివరిదాకా దిగింది. ఎరుపు పోయి పచ్చ వచ్చింది. దగ్గు తగ్గేదాకా ఆగి మళ్ళీ ఊదించాను. మళ్ళీ పచ్చ. మూడోసారి కూడా పచ్చ వచ్చేసరికి మేడమే చప్పట్లు కొట్టేశారు. బాబాయ్ పిన్నివైపు తిరిగి, రొప్పుతూనే, "రమణకి ఫోను కొట్టు. ఎలమంచిలోళ్ళకి మాటివ్వొద్దను," అన్నాడు.

అలా బాబాయ్ పరిశోధనలో చేరాడు, ఏ గుంపులోకో నాకు తెలియదు. చలికాలం మొదలయ్యాక చివరి కొలతలకి వచ్చారు. పిన్ని గదిలోకి వస్తూనే, "ఆ కుర్రాడు బరువులెత్తించి..." అంది.

"పిన్నీ! నాకు సెప్పకూడదు!" అని చెవులు మూసుకున్నాను.

"నానేటి సెప్పినాను? ఇంట్లో నీళ్ళ బిందెలు మోత్తన్నాడు అన్నాను. తప్పా?"

ఊదించాను. అంకె వేసవిలో వచ్చినదాని దగ్గరే ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. మేడంకి చూపిస్తే ఆవిడ కంగారుపడలేదు. "ఈ జబ్బులో ఊపిరితిత్తులు మళ్ళీ కొత్తవైపోవు. కాళ్ళు, కండలు గట్టిపడితే ఉన్న ఊపిరే ఎక్కువ పనికొస్తుంది. నడిపించి చూడు," అన్నారు.

సిక్స్ మినిట్ వాక్ అంటే ఆరు నిమిషాల్లో వరండాలో అటూ ఇటూ ఎంత దూరం నడవగలరో కొలవడం. వేసవిలో బాబాయ్ మంచినీళ్ళ క్యాన్ దాకా వెళ్ళి గోడ పట్టుకున్నాడు. ఈసారి క్యాన్ దాటాడు. చివర తిరిగి మళ్ళీ వచ్చాడు, మళ్ళీ తిరిగాడు. ట్రాలీ తోసుకొస్తున్న నర్సుని, "బేగి, బేగి, తప్పుకో తల్లీ!" అని అదిలించాడు. నడిచేవాళ్ళతో కాగితంలో రాసిపెట్టిన మాటలే అనాలి తప్ప, ఈలలు వేయడానికి రూలు ఒప్పుకోదు. పెదవి కొరుక్కుని నిలబడ్డాను. టైమయిందని ఆపితే, "అప్పుడేనా?" అన్నాడాయన. ఆ మాట విని గదిలోకి పోయి, తలుపేసుకుని ఎగిరాను!

పెళ్ళి సింహాచలం కొండ కింద మండపంలో. నన్నూ పిలిచారు. పిన్ని ఇక ఆగలేక, ఆయన వ్యాయామాల గుంపేనని చెప్పేసింది. ఆయన కొలతలు ఎప్పుడో అయిపోయాయి కాబట్టి పరవాలేదు. ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదు, అందుకే అంతమందిని కొలుస్తాం. ఆ లెక్కలు మేడంవాళ్ళు చూసుకుంటారు. నాకు ఆ రోజు ఆ ఒక్క మనిషి చాలు.

తాళి కట్టే వేళయింది. "బావా, నీకోసం డోలు నెమ్మదిగా వాయించమంటావేటి?" అన్నాడు రమణ.

"ముందు నా ఎనకాల రా, సాలు," అని బాబాయ్ సన్నాయి ఎత్తి 'ఫుఫ్' మని దులిపాడు. నేను పెళ్ళికూతుర్ని చూడ్డం మానేశాను.

పంతులుగారు చెయ్యెత్తారు. గట్టిమేళం! పెళ్ళికొడుకు కంగారులో ముళ్ళు వేయలేక తడబడుతున్నాడు, అక్షింతలు అయిపోతున్నాయి, అయినా సన్నాయి ఎక్కడా తెగలేదు. చివరి ముడి పడ్డాక బాబాయ్ సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, పెదాలు ముడిచి, నెమ్మదిగా ఊపిరి వదిలాడు. ఆయాసం ఉంది. రమణ మాత్రం కళ్ళు చెమర్చినా తుడుచుకోకుండా డోలు వాయిస్తూనే ఉన్నాడు. బాబాయ్ నావైపు చూసి, "సూసినావా? దీనికోసమే దాసుకున్నాను," అన్నాడు.

అప్పటినుంచి కొత్తవాళ్ళొస్తే నేను వెంటనే అరవను. గొట్టం చేతికిచ్చి, వాళ్ళు దాన్ని ఎలా పట్టుకుంటారో కాసేపు చూస్తాను. ఏం పని చేసేవాళ్ళో అడుగుతాను. యంత్రానికి కావాల్సిన ఊపిరి వాళ్ళ పనిలోనే ఎక్కడో ఉంటుంది. మొన్న ఒక తాత ఎంతసేపటికీ ఊదలేకపోయాడు. ట్రాఫిక్‌లో హోంగార్డుగా చేసి మానేశాడట.

"సిగ్నల్ తప్పించుకుని బైకు పోతంటే విజిల్ ఎలా కొట్టేవోడివి తాతా?" అని అడిగాను.

తాత కళ్ళు ఎర్రజేసి, గొట్టం అందుకున్నాడు. పచ్చ!